నొక్కినోళ్ళ బోర్డు

"మేడం, ఈ యూజర్లు ఎందుకింత తెలివితక్కువగా ఉంటారు?"

నేను రిటైరై ఖాళీ చేసిన కుర్చీలో చేరిన శ్రావణి మొన్న ఫోన్ చేసి అడిగిన మాట ఇది. చురుకైన పిల్ల. హైదరాబాదులో చదువుకుంది. కంప్యూటర్ల గురించి నాకంటే ఎక్కువే తెలుసు. ఆ రోజు ఎవరో నర్సు దొంగ మెయిల్ తెరిచి అందులోని లింకు నొక్కిందట, ఆ చిరాకులో అనేసింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఫోన్లో గొడవెందుకని, "కూర్చుని రాసి పంపిస్తానమ్మా, తీరిగ్గా చదువు" అని పెట్టేశాను. రాయడం మొదలుపెట్టాక కోపం తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. శ్రావణికే కాదు, ఈ పనిలోకి వచ్చే పిల్లలందరికీ ఉపయోగపడుతుందేమోనని ఇలా పెడుతున్నాను.

నా పని

నా పేరు ఎస్తేరు. మాది దేవరుప్పుల దగ్గర చిన్న ఊరు. జనగామలో ఒక ట్రస్టు ఆసుపత్రిలో టైపిస్టుగా చేరాను. ట్రస్టు పేరు రాయను, అది ఇక్కడ అవసరం లేదు. తర్వాత ఆ ట్రస్టు మహబూబాబాద్‌లో ఒకటి, భూపాలపల్లిలో ఒకటి ఆసుపత్రులు తెరిచింది. కంప్యూటర్లు వచ్చినప్పుడు, టైపు వచ్చినదాన్ని కాబట్టి ఇవీ నావే అన్నారు. నేర్చుకున్నాను. చాలా ఏళ్ళపాటు మా కంప్యూటర్ సెక్షన్ అంటే నేనొక్కదాన్నే. మహబూబాబాద్‌కు రైల్లో, భూపాలపల్లికి పరకాల మీదుగా బస్సులో తిరుగుతూ మూడు చోట్లా చూసుకునేదాన్ని.

బయటివాళ్ళు ఈ పని అంటే యంత్రాలు బాగుచేయడం అనుకుంటారు. అది పనిలో చిన్న భాగం. ఓపీ కౌంటర్లో ఉన్న పిల్ల, ల్యాబులో రిపోర్టులిచ్చే పిల్ల, మందుల స్టోరు చూసే మనిషి, వీళ్ళకు ఏదైనా తేడా కనిపిస్తే ముందుగా నాకు చెప్పాలి. అలా చెప్పేంత చనువు వాళ్ళకు నా దగ్గర ఉండాలి. మిగతాదంతా దాని తర్వాతే. ఇది నాకు ఏ కోర్సులోనూ ఎవరూ చెప్పలేదు.

గాలం ఎలా ఉంటుంది

ఫిషింగ్ అంటే గాలం వేయడం. ఎర చూపించి మన చేత మన తాళంచెవి ఇప్పించుకోవడం. ఆ మెయిల్ మనకు తెలిసినవాళ్ళ పేరుతోనే వస్తుంది. పేరు మన పెద్ద డాక్టరుదే ఉంటుంది, దాని వెనకున్న అడ్రసు మాత్రం వేరే. ఇంగ్లీషులో 'ఎం' ఉండాల్సిన చోట 'ఆర్', 'ఎన్' పక్కపక్కన పెడతారు. పని హడావిడిలో చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. కళ్ళజోడు సవరించుకుని చూస్తే తప్ప నాకే తెలిసేది కాదు. మెయిల్లో ఎప్పుడూ తొందర ఉంటుంది. ఇవాళే చేయాలంటుంది, చేయకపోతే ఏదో ఆగిపోతుందంటుంది. చివరికి లింకు నొక్కి పాస్‌వర్డ్ కొట్టమంటుంది, లేదా జతచేసిన ఫైలు తెరవమంటుంది.

మందు చాలా చిన్నది. ఆ మెయిల్ ఎవరి పేరుతో వచ్చిందో ఆ మనిషికి ఫోన్ చేసి అడగడం. మెయిల్లో ఇచ్చిన నంబరుకు కాదు, మన దగ్గర ముందు నుంచీ ఉన్న నంబరుకు.

జనగామలో ఒకసారి ఒక నర్సుకు డ్యూటీ డాక్టరు పేరుతో మెయిల్ వచ్చింది. "మీటింగులో ఉన్నాను, ఫోన్ చేయకు, స్టాఫ్ అందరి ఫోన్ నంబర్లూ వెంటనే పంపు" అని. ఆ డాక్టరు పక్క గదిలోనే పేషెంట్లను చూస్తున్నారు. నర్సు లేచి వెళ్ళి, "సార్, గీ మెయిల్ మీరే పంపిండ్రా?" అని అడిగింది. మెచ్చుకోవాల్సిన పని. ఆయన తలెత్తకుండా, "ప్రతిదానికీ వచ్చి నా ప్రాణం తీయకమ్మా, పేషెంట్లున్నారు" అన్నాడు. పిల్ల ముఖం మాడిపోయింది. నేను వారాల తరబడి చెప్పి నేర్పించినదాన్ని ఆయన ఒక్క మాటతో చెడగొట్టాడు. ఇంకోసారి ఆ పిల్ల లేచి అడుగుతుందా? మీరైతే అడుగుతారా?

మా సారు మెయిళ్ళు

నా సర్వీసు చివరి ఏళ్ళలో మా ట్రస్టుకు ఒక అడ్మినిస్ట్రేషన్ డైరెక్టరు వచ్చారు. పెద్ద కంపెనీలో పనిచేసి వచ్చిన మనిషి. ఆయన రాసే మెయిళ్ళు ఇలా ఉండేవి: "అర్జెంట్. గంటలోగా పంపాలి. పంపనివారిపై చర్య తీసుకోబడును." కింద ఏదో ఒక లింకు. ఒకసారి ఆఫీసు మెయిల్ నుంచి, ఒకసారి సొంత మెయిల్ నుంచి, ఒకసారి ఆయన పీఏ మెయిల్ నుంచి. ఎందుకని ఎవరైనా అడిగితే వాళ్ళనే సంజాయిషీ రాసిమ్మనేవారు.

ఒకరోజు ఆయన దగ్గర కూర్చుని చెప్పాను.

"సార్, దొంగ మెయిల్ గుర్తుపట్టాలంటే తొందరపెడుతుందా, బెదిరిస్తుందా, అడ్రసు మారిందా అని చూడమని స్టాఫుకు నేర్పిస్తున్నాను. మీ మెయిళ్ళలో ఆ మూడూ ఉంటున్నాయి."

ఆయన నవ్వారు. "అంటే నన్ను దొంగ అంటున్నారా మేడం?"

"లేదు సార్. దొంగ మీలాగా రాస్తే వీళ్ళకు తేడా తెలియదంటున్నాను."

ఆ మాట ఆయనకు రుచించలేదు. ఆ తర్వాత మెయిళ్ళేమీ మారలేదు.

శ్రావణీ, ఇది గుర్తుపెట్టుకో. నీ నర్సుకు తెలివి లేక కాదు నొక్కింది. మెయిల్ రాగానే మారు మాట్లాడకుండా పాటించమని ఏళ్ళ తరబడి మన పెద్దలే నేర్పారు. ఎవడో దొంగ ఆ అలవాటును వాడుకున్నాడు.

పరీక్ష

ఒక ఎండాకాలం డైరెక్టరు గారు హైదరాబాదు నుంచి ఒక ట్రైనరును పిలిపించారు. స్టాఫుకు జాగ్రత్త ఎంతుందో చూడటానికి మనమే ఒక దొంగ మెయిల్ పంపి, ఎవరు నొక్కుతారో చూడాలని ఆ ట్రైనరు సలహా. ఇలాంటి పరీక్షలు చాలా చోట్ల పెడతారు. పరీక్ష పెట్టడం తప్పని నేను అనను. కానీ ఆ మెయిల్లో ఏముంటుందో నాకు చూపించలేదు. నాకు తెలిస్తే స్టాఫుకు చెప్పేస్తానని భయమట.

మెయిల్ వచ్చింది. దాని పైన రాసి ఉన్నది ఇది: "కాంట్రాక్టు ఉద్యోగుల క్రమబద్ధీకరణ. మీ పేరు జాబితాలో ఉన్నది. ఆర్డరు కోసం ఇక్కడ నొక్కండి."

మా ఆసుపత్రుల్లో సగం మంది కాంట్రాక్టు మీద ఉన్నవాళ్ళే. ఏటా సంతకం పెట్టించుకుని ఏటా అదే మాట చెప్పేవారు, వచ్చే ఏడు పర్మనెంటు చేస్తామని. ఆ ఆశ మీదే పెళ్ళిళ్ళు చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు. ఎర వేయడానికి ఆ ట్రైనరుకు, ఆ డైరెక్టరుకు దొరికింది ఆ ఆశే.

మహబూబాబాద్ ల్యాబులో కోమల అని ఒక అమ్మాయి ఉండేది. కొత్తగూడ పిల్ల. అడవి దాటి, బస్సులు మారి వచ్చి చదువుకుంది. రిపోర్టుల కౌంటరు దగ్గర ఆమెను మించి ఓపికగా మాట్లాడేవాళ్ళను నేను చూడలేదు. మెయిల్ పైన రాసినది చూడగానే లోపల ఏముందో తెరవకముందే భర్తకు ఫోన్ చేసింది. "నాది పర్మనెంటయిందయ్యా" అని చెప్పి ఏడ్చిందట. ఆ తర్వాత లింకు నొక్కింది.

స్క్రీన్ నిండా ఎర్రటి పేజీ వచ్చింది. "మీరు మోసపోయారు! ఇది పరీక్ష మాత్రమే." కింద నవ్వుతున్న బొమ్మ.

ఆ రోజు నేనూ మహబూబాబాద్‌లోనే ఉన్నాను. నేను వెళ్ళేసరికి కోమల ల్యాబు వెనక వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఏడుపు అయిపోయింది. ముఖం కడుక్కుని వచ్చి కూర్చుంది.

"ఇంటికాడ కోడిని కోసిండ్రంటక్కా," అంది. "మా అత్త ఊరంత జెప్పిందంట. ఇప్పుడు పోయి ఏం జెప్పాలె నేను?"

నేను ఆమె పక్కన కింద కూర్చున్నాను.

"దొంగోడు మోసం జేస్తే దొంగోడే గద అనుకుంట. గీళ్ళు మనోళ్ళు. ఆశ వెట్టి నవ్విండ్రు."

మధ్యాహ్నం అందరినీ హాల్లో కూర్చోబెట్టి ట్రైనరు క్లాసు తీసుకున్నాడు. ఇంగ్లీషులో. ఎందుకు నొక్కావని కోమలను నిలబెట్టి అడిగాడు. "పర్మనెంటయిందనుకొని నొక్కిన సార్" అంది. "నొక్కిన సార్" అని ఆ యాసనే అనుకరించి నవ్వాడు. ముందు వరుసలో ఒకరిద్దరు కూడా నవ్వారు. నేను లేచి, "ఆమె తెలుగు ఈ ఆసుపత్రికొచ్చే ప్రతి పేషెంటుకూ అర్థమవుతుంది బాబూ. మీ ఇంగ్లీషు ఈ హాల్లో సగం మందికి అర్థం కాలేదు" అన్నాను. క్లాసు అక్కడితో ముగిసింది.

బోర్డు

మర్నాడు ఓపీ పక్కన గోడకు ఒక బోర్డు వెలిసింది. మూడు ఆసుపత్రుల్లోనూ. "మన సంస్థకు ప్రమాదం తెచ్చేవారు" అని పైన పెద్ద అక్షరాలు. కింద నొక్కినవాళ్ళ ఐడీ కార్డు ఫొటోలు, పేర్లు. స్టాఫు దానికి నొక్కినోళ్ళ బోర్డు అని పేరు పెట్టుకున్నారు.

అది ఉన్నది స్టాఫు గదిలో కాదు. పేషెంట్లు బారులు తీరి నిలబడే చోట. వాళ్ళు చదివేవాళ్ళు. చదవడం రానివాళ్ళు ఫొటోలు చూసి గుర్తుపట్టేవాళ్ళు. ఒక ముసలవ్వ రిపోర్టు తీసుకుంటూ కోమలను అడిగింది. "గా బోర్డు మీద ఫొటో నీదే గద బిడ్డా? ఏం జేసినవు? ఏమన్న దొంగతనమా?"

కోమల "కాదవ్వా" అని రిపోర్టు చేతికిచ్చింది. ఆ సంగతి నాకు పక్క కౌంటరు పిల్ల చెప్పింది. కోమల చెప్పలేదు.

నేను డైరెక్టరు గారి దగ్గరికి వెళ్ళాను.

"సార్, బోర్డు తీయించండి. వాళ్ళ ఆశతో ఆడుకున్నాం. అది చాలదన్నట్టు పేషెంట్ల ముందు నిలబెట్టాం."

"దొంగలు మర్యాద పాటిస్తారా మేడం? వాళ్ళు ఇంతకంటే ఘోరమైన ఎర వేస్తారు."

"దొంగలు పాటించరు సార్. మనం దొంగలం కాదు కదా."

"భయం ఉంటేనే జాగ్రత్త ఉంటుంది," అన్నారు.

"భయం ఉంటే దాచుకుంటారు సార్. రేపు నిజంగా ఏదైనా జరిగితే నాకు ఫోన్ రాదు."

ఆయన కంప్యూటర్ వైపు తిరిగారు. మాట అయిపోయిందని అర్థం. నేను మహబూబాబాద్ వెళ్ళి కోమల ఫొటో పీకేశాను. సాయంత్రానికల్లా మళ్ళీ అతికించారు. నాకో మెమో ఇచ్చారు.

సమ్మయ్య

భూపాలపల్లిలో మందుల స్టోరు చూసేది సమ్మయ్య. మెత్తని మనిషి. అతనూ కాంట్రాక్టే. వానాకాలం వచ్చిందంటే ఆ ప్రాంతంలో పాముకాట్లు ఎక్కువ. పత్తి చేలల్లో, బొగ్గు గనుల చుట్టుపక్కల పొదల్లో కాట్లు పడి జనం వస్తుంటారు. విషం విరుగుడు మందు స్టోరులో నిండుకోకుండా చూడటం అతనికి నిద్రపట్టనివ్వని పని. ఆ ఏడు కూడా సరుకు కోసం ఆర్డరు పెట్టి ఎదురు చూస్తున్నాడు.

ఒక శుక్రవారం అతనికి మెయిల్ వచ్చింది. మందులు తెచ్చే కొరియరు పేరుతో. "మీ కోల్డ్ బాక్స్ వరంగల్‌లో ఆగింది. ఇవాళ నిర్ధారించకపోతే వెనక్కి పంపబడును. ఇక్కడ మీ మెయిల్ పాస్‌వర్డుతో లాగిన్ అవ్వండి." సమ్మయ్య లాగిన్ అయ్యాడు. పేజీ తెల్లగా అయిపోయింది. ఏదో తేడా ఉందని అతనికి అప్పుడే అనుమానం వచ్చింది. అసలు కొరియరు వాళ్ళకు ఫోన్ చేస్తే బాక్స్ ఎక్కడా ఆగలేదన్నారు. తను గాలానికి తగిలానని అర్థమైంది.

ఆ నిమిషంలో నాకు ఫోన్ చేసి ఉంటే అతని పాస్‌వర్డ్ మార్చేదాన్ని. టీ తాగేలోపు అయిపోయే పని. అక్కడితో కథ ముగిసేది. చేయలేదు. శుక్రవారం గడిచింది, శనివారం గడిచింది, ఆదివారం గడిచింది.

ఈలోగా దొంగలు అతని మెయిల్లో కూర్చుని అతను ఎవరికి ఏం రాస్తాడో, ఎలా రాస్తాడో చదువుకున్నారు. ఆదివారం సాయంత్రం సమ్మయ్య పేరుతో, సమ్మయ్య మెయిల్ నుంచే మూడు ఆసుపత్రులకూ ఒక మెయిల్ వెళ్ళింది. "మందులు అడిగే కొత్త ఇండెంట్ ఫారం జతచేశాను, రేపటి నుంచి ఇదే వాడండి" అని. ఇక అడ్రసు చూసి మాత్రం ఏం లాభం? అడ్రసు అసలుదే. సోమవారం పొద్దున డ్యూటీకి వచ్చిన నర్సులు తెరిచారు. సమ్మయ్య పంపింది తెరవకుండా ఎలా ఉంటారు?

ఆ సోమవారం

నేను జనగామలో ఉన్నాను. కోమల నుంచి ఫోన్.

"అక్కా, ల్యాబుల కంప్యూటర్లన్నీ బందయినయి. స్క్రీన్ మీద ఇంగ్లీషుల ఏందో వచ్చింది, పైసలు కట్టమంటున్నది. ఏది నొక్కినా తెర్సుకుంటలేదు."

"ముట్టుకోకు. నెట్ వైర్లన్నీ పీకేయ్. పక్క గదుల్లో కూడా పీకమని చెప్పు, ఇప్పుడే!"

ఆ ఫారంలో దాక్కుని వచ్చిన ప్రోగ్రాం ఫైళ్ళన్నిటికీ తాళం వేసేసింది. భూపాలపల్లిలోనూ అదే పరిస్థితి. జనగామలో నేనే పరుగెత్తి గదిగదికీ వెళ్ళి వైర్లు పీకాను. జనగామ దక్కింది. మిగతా రెండు చోట్లా ఓపీ, ల్యాబు, స్టోరు, ఏదీ తెరుచుకోలేదు. దొరికిన రైలెక్కి మహబూబాబాద్ వెళ్ళాను.

వెళ్ళేసరికి ల్యాబు ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. ఆ జనంలో కొత్తగూడ వైపు నుంచి వచ్చిన సారక్క అనే ఆమె, ఆమె కూతురు ఉన్నారు. పిల్లకు నెలనెలా రక్తం ఎక్కించాల్సిన జబ్బు. శనివారమే వచ్చి పరీక్షలకు రక్తం ఇచ్చి వెళ్ళారు. సోమవారం సరిపడే రక్తం సిద్ధంగా పెడతామన్నారు మావాళ్ళు. ఆ పరీక్షల ఫలితాలు కంప్యూటర్లో ఇరుక్కుపోయాయి. అవి లేకుండా ఏ డాక్టరూ రక్తం ఎక్కించలేడు. మళ్ళీ తీయాలి, మళ్ళీ పరీక్షించాలి, అదీ చేత్తో, ఒకరి తర్వాత ఒకరికి.

"శనివారమే ఇచ్చినం గదమ్మా నెత్తురు?" అంది సారక్క. "పిల్లకే నెత్తురు లేక తెస్తే మల్ల గుంజుతరా?"

కోమల ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "ఒక్కపారి అక్కా. జర ఓర్సుకో. కంప్యూటర్లు ఖరాబైనయి. ఈమెది నేనే ముందు వెట్టిస్త."

పిల్ల ఏడవలేదు. ఏడవడానికి కూడా ఓపిక లేదు. పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. చెయ్యి చాచింది. ఒకచోట నరం దొరకలేదు. ఇంకోచోట గుచ్చారు. సారక్క ముఖం పక్కకు తిప్పుకుంది.

పిల్లకు రక్తం ఎక్కడం మొదలయ్యేసరికి చీకటి పడింది. అప్పటికి కొత్తగూడ బస్సు వెళ్ళిపోయింది. తల్లీకూతుళ్ళు ఆ రాత్రి వార్డులోనే ఉన్నారు. పిల్ల తేరుకుంది. తేరుకోకపోతే అన్న ఆలోచన నేను చేయలేను. ఆ రోజు ఇలా ఎంతమందిని మళ్ళీ గుచ్చామో, ఎన్ని ఆపరేషన్లు వాయిదా వేశామో, ఎంతమందిని వెనక్కి పంపామో లెక్కలేదు. ఎక్కడో కూర్చుని ఈ పని చేసిన దుర్మార్గుల మీద కోపం. అంతకంటే, ఇది శుక్రవారమే ఆగిపోవాల్సిందన్న కోపం.

సమ్మయ్య చెప్పింది

మర్నాడు భూపాలపల్లి వెళ్ళాను. మొదట ఎవరి మెయిల్లోకి చొరబడ్డారో నాకప్పటికే తెలుసు. స్టోరులో మందుల ఫ్రిజ్ పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు సమ్మయ్య. నన్ను చూసి లేచాడు.

"నా వల్లనే అక్కా. శుక్రవారం నొక్కిన."

"శుక్రవారం నొక్కితే సోమవారం దాకా ఎందుకు చెప్పలేదు సమ్మయ్యా? నాకు చెప్పకపోతే ఎవరికి చెప్తావు?"

"నీకు చెప్దామనే ఫోన్ తీసిన. మల్ల ఆ బోర్డు యాదికొచ్చింది. కోమల ఫొటో జూసి మందికి మంది ఏమన్నరో నాకు తెల్సు. నా బిడ్డ గీ దవాఖాన కాడికెంచే బడికి పోతది అక్కా. రోజూ బోర్డు ముంగటికెంచే పోతది."

ఇంకేం అడుగుతాను? ఫోన్ చేతిలోకి తీసుకున్న మనిషి. నంబరు నొక్కకుండా ఆపింది ఆ బోర్డు.

విచారణ

ఆ వారంలోనే జనగామలో సమావేశం పెట్టారు. ట్రస్టు అధ్యక్షురాలు వచ్చారు. ఆ ఆసుపత్రిని స్థాపించిన మనిషి, మేమంతా పెద్ద డాక్టరమ్మ అంటాం. వయసు మీద పడి రోజువారీ వ్యవహారాలు డైరెక్టరుకే వదిలేశారు. సమ్మయ్యను తలుపు దగ్గర నిలబెట్టారు.

డైరెక్టరు గారు లేచి, "నొక్కినందుకు కాదు, దాచినందుకు ఇతన్ని తీసేస్తున్నాం" అన్నారు.

నేను లేచాను. "దాచమని నేర్పింది ఎవరు సార్?"

"మేడం, ఇది మీ సెక్షన్ వైఫల్యం కూడా."

"నా సెక్షన్ గురించి ఏదడిగినా చెప్తాను. ముందు ఇది చెప్పండి. బోర్డు పెట్టడానికి ముందు నాకు స్టాఫు నుంచి ఫోన్లు వచ్చేవి. అనుమానం వస్తే చేసేవాళ్ళు, పొరపాటు జరిగినా చేసేవాళ్ళు. బోర్డు పెట్టినప్పటి నుంచి ఒక్క ఫోన్ రాలేదు. ఇంత పెద్ద సంస్థలో ఇన్ని నెలలు ఎవరూ తప్పే చేయలేదని మీరు నమ్ముతున్నారా?"

పెద్ద డాక్టరమ్మ సమ్మయ్య వైపు తిరిగారు.

"నాకన్న ఒక్క మాట చెప్పకపోతివి సమ్మయ్యా? నేను తెల్వనిదాన్నా నీకు?"

సమ్మయ్య తల వంచుకునే అన్నాడు. "మీ ఫొటో గూడ ఆ గోడకే ఉన్నదమ్మా. బోర్డుకు జర పైన, పెద్ద పటం. మీకు తెల్సే పెట్టిండ్రనుకున్న."

ఆమెకు తెలియదు. ఆ బోర్డు ఎప్పుడూ చూడలేదు. ముఖం కందిపోయింది. "ఇయ్యాల్నే తీసేయుండ్రి. మూడు దవాఖానలల్ల," అన్నారు. "ఈయనను ఎవలూ ఏమనొద్దు."

ఎలా ముగిసింది

బోర్డులు దిగాయి. కంప్యూటర్లు తిరిగి నడవడానికి వారాలు పట్టింది. జనగామలో విడిగా దాచిన కాపీ నుంచి పాత వివరాలు దొరికాయి. ఆ చివరి వారానివి మాత్రం పోయాయి.

సమ్మయ్యను ఎవరూ ఏమీ అనలేదు. ఏడాది ముగిశాక కాంట్రాక్టు కాగితం అతని దగ్గరికి రాలేదు, అంతే. పెద్ద డాక్టరమ్మ అప్పటికి జబ్బుపడి మంచంలో ఉన్నారు. డైరెక్టరుతో పోట్లాడాను. "రెన్యువల్ అనేది హక్కు కాదు మేడం" అన్నారు. సమ్మయ్య ఇప్పుడు పరకాలలో ఒక మందుల ఏజెన్సీలో పనిచేస్తున్నాడు. కోమల మా ఆసుపత్రిలోనే ఉంది, ఇంకా కాంట్రాక్టు మీదే. డైరెక్టరు గారు హైదరాబాదులో ఇంకా పెద్ద ఆసుపత్రికి వెళ్ళారు. ఉద్యోగుల్లో జాగ్రత్త పెంచడం మీద ఉపన్యాసాలు ఇస్తున్నారని విన్నాను. ఆ సోమవారం ఎవరి తప్పని రాసుకున్న కాగితాల్లో ఆయన పేరు ఎక్కడా లేదు. నిజం రాయాలని కూర్చున్నాను కాబట్టి ఇదీ రాస్తున్నాను. తీర్పులు అన్నిసార్లూ న్యాయంగా రావు.

కొత్త డైరెక్టరు రాగానే నేను ఒక్కటే అడిగాను. ఎవరైనా నొక్కామని తామంతట తాము చెబితే వాళ్ళను ఎందుకని అడగకూడదు, వాళ్ళ పేరు ఎవరికీ చెప్పకూడదు. ఆయన సరేనన్నారు. మూడు ఆసుపత్రులూ తిరిగి ప్రతి గదిలోనూ అదే చెప్పాను. మొదట ఎవరూ నమ్మలేదు. చాలా కాలం ఫోన్ రాలేదు. తర్వాత ఒకటి వచ్చింది, తర్వాత ఇంకోటి. సగానికి పైగా ఉత్త అనుమానాలే. ప్రతిదానికీ వెళ్ళాను, ఒక్కరినీ విసుక్కోలేదు. శ్రావణీ, ఇదే మన పనిలో కష్టమైనది. పదోసారి కూడా మొదటిసారిలాగా "మంచిపని చేశావమ్మా, ఫోన్ చేశావు" అనాలి.

నేను రిటైరయ్యే నెలలో భూపాలపల్లి నుంచి ఫోన్ వచ్చింది. కొత్తగా చేరిన నర్సు. ఆయాసపడుతూ మాట్లాడుతోంది.

"మేడం, నేనొక లింకు నొక్కిన. పాస్‌వర్డ్ గూడ కొట్టిన. ఇప్పుడే. ఇగో, గిప్పుడే."

"సరే తల్లీ. నెట్ వైరు పీకు. పీకావా? ఇక నేను చూసుకుంటాను."

ఆమె పాస్‌వర్డ్ మార్చేశాను. ఆమె పేరుతో ఎక్కడికీ ఏమీ వెళ్ళలేదని చూసుకున్నాను. ఈలోగా ఫోన్లో మగగొంతు వినిపించింది. అక్కడి డ్యూటీ డాక్టరు. "ఏమ్మా, బుర్ర ఉందా, చూసుకుని నొక్కొద్దా?" అని ఆ పిల్లను కేకలేస్తున్నాడు.

"ఫోన్ ఆయనకివ్వమ్మా," అన్నాను. ఇచ్చింది.

"డాక్టరు గారూ, నేను ఎస్తేరును. ఆ అమ్మాయి ఇప్పుడు మీ ఆసుపత్రిని కాపాడింది. ముందు ఒక చాయ్ తెప్పించి ఇవ్వండి. కేకలు తర్వాత నా మీద వేద్దురుగాని."

తర్వాత ఆయన ఎవరినో చాయ్ తెమ్మని చెప్పడం వినిపించింది.

ఆ రోజు భూపాలపల్లిలో ఓపీ ఆగలేదు. ల్యాబు ఆగలేదు. ఎవరినీ రెండోసారి గుచ్చలేదు.